సున్నపు గోడల మీద వెలుగును చిత్రించిన పీటర్ సాన్రెడామ్ (1597–1665)

కాపరుల జీవితములు, మిషనరీల జీవితములు మనము తరచుగా చదువుకుంటున్నాము. ఈసారి ఒక చిత్రకారుని జీవితమును మీ ముందు ఉంచుతున్నాము. ఆయన ప్రసంగీకుడు కాదు, వేదపండితుడు కాదు. రాజుల బొమ్మలు గాని, యుద్ధముల బొమ్మలు గాని వేయలేదు. జీవితములో ఎక్కువ భాగము దేవాలయముల లోపలి భాగములను మాత్రమే చిత్రించారు. ఆ చిత్రములలో మనుషులు బహు కొద్దిమంది. సున్నము కొట్టిన గోడలు, ఎత్తయిన స్తంభములు, కమానులు, రాతి నేల, కిటికీలలో నుండి వచ్చే వెలుగు, వాటి మధ్యనున్న ఖాళీ స్థలము. చూడబోతే అంతే. అయినను 350 సంవత్సరములు దాటిన తరువాత కూడా జనులు వాటి ముందు నిలిచి మెల్లగా మాట్లాడుకుంటారు. అది ఎట్లు సాధ్యమైనదో, ఆ పని వెనుక ఎంత ఓర్పు ఉన్నదో తెలిసికొనుట మనకు మేలు అని తలంచుచున్నాము.

చిన్నతనము

పీటర్ సాన్రెడామ్ 1597 జూన్ 9న హాలెండు దేశపు ఉత్తర భాగములో అస్సెండెల్ఫ్ట్ అను పల్లెలో జన్మించారు. తండ్రి యాన్ సాన్రెడామ్. రాగి రేకుల మీద సన్నని గీతలు చెక్కి, వాటితో బొమ్మలు అచ్చువేయు పనిలో ఆయన ఆ కాలమునకు పేరుపొందినవారు. ప్రసిద్ధ చిత్రకారుడు గోల్జియస్ వేసిన బొమ్మలను చెక్కి దేశమంతట పంపినవారిలో ఆయన ఒకరు. అయితే 1607లో, పీటర్‌కు పదేళ్ళు నిండకముందే, తండ్రి మరణించారు. స్వగ్రామములోని దేవాలయము నేలలోనే ఆయనను సమాధి చేశారు. ఈ సమాధి సంగతి పాఠకులు జ్ఞాపకముంచుకొనగోరుచున్నాము. చాలా ఏండ్ల తరువాత అది మరల మన కథలోకి వచ్చును.

తండ్రి బ్రతికియున్నప్పుడు డచ్చి ఈస్టిండియా కంపెనీలో కొంత సొమ్ము పెట్టారు. 1602లో ఏర్పడిన ఆ కంపెనీ కొద్ది సంవత్సరములలోనే మన మచిలీపట్నములో కోఠీ పెట్టినది. 1610లో పులికాటులో స్థిరపడినది. మన తీరపు నేతగాండ్రు నేసిన బట్టలు, అద్దకపు గుడ్డలు కొని, తూర్పు ద్వీపములకు తీసికొని పోయి, అక్కడ మిరియము, జాజికాయ వంటి సుగంధ ద్రవ్యములకు మార్చుకొనుట వారి వ్యాపారము. ఆ విధముగా వచ్చిన లాభములో భాగము వాటాదారులకు చేరినది. తండ్రిలేని ఆ పిల్లవాడు పొట్టకూటి కొరకు తొందరపడనక్కరలేకుండ నెమ్మదిగా చిత్రము నేర్చుకొనుటకు ఈ ఆస్తి తోడ్పడినది. ఇంత దూరపు మనిషి జీవితములో మన నేతగాండ్ర చేతిపనికి కూడా కొంచెము పాలు ఉన్నదన్నమాట.

తండ్రి పోయిన కొద్ది కాలమునకు తల్లి కుమారుని వెంటబెట్టుకొని హార్లెమ్ పట్టణమునకు వచ్చి స్థిరపడినది. ఇంచుమించు అదే సమయములో, 1609లో, అక్కడికి దాదాపు 20 కిలోమీటర్ల దూరములోని ఆమ్‌స్టర్‌డామ్‌లో, ఇంగ్లాండు నుండి ప్రవాసులుగా వచ్చిన జాన్ స్మిత్, థామస్ హెల్విస్ మొదలైనవారు మొదటి బాప్టిస్టు సంఘమును కూర్చుకొన్నారు. రొట్టెలు కాల్చు ఒక పాత భవనములో వారు కూడుకొనేవారు. సాన్రెడామ్ బాప్టిస్టు కాదు, వారిని ఎరిగియున్నట్లు మేము చెప్పుటలేదు. అయితే మన చరిత్ర మొదలైన ఆ దేశము, ఆ దినములు ఎట్టివో ఆయన చిత్రముల వలన కొంత తెలియును.

1612లో ఆయన ఫ్రాన్స్ డి గ్రెబ్బర్ అను గురువు వద్ద శిష్యుడుగా చేరి, సుమారు పదేండ్లు పని నేర్చుకొన్నారు. 1623లో హార్లెమ్ చిత్రకారుల సంఘములో సభ్యుడైనారు. 1628లో ఆయన స్నేహితుడు, భవన శిల్పి యాకోబ్ వాన్ కాంపెన్ గీసిన సాన్రెడామ్ బొమ్మ ఒకటి లండను బ్రిటిష్ మ్యూజియములో ఉన్నది. దానిలో ఆయన పొట్టివాడుగా, వెన్ను వంగి గూనితో ఉన్నవాడుగా కనబడుచున్నారు. అట్టి శరీరముతోనే ఆయన ఊరూరు తిరిగి, చలి పట్టిన రాతి నేలల మీద గంటల తరబడి కూర్చుండి గీశారు.

సున్నము కొట్టిన దేవాలయములు

ఆ దేవాలయములు ఏల అంత తెల్లగా ఉన్నవో తెలిసికొనవలెనంటే కొంచెము వెనుకకు పోవలెను. అవి అన్నియు మొదట కతోలికులు కట్టినవి. గోడలనిండ వర్ణచిత్రములు, స్తంభములకు ఆనించి చిన్న చిన్న బలిపీఠములు, పరిశుద్ధుల విగ్రహములు, రంగు అద్దముల కిటికీలు ఉండేవి. 1566 వేసవిలో ఆ దేశములలో విగ్రహములను పగులగొట్టిన అల్లరి చెలరేగినది. తరువాత స్పెయిను రాజుతో 80 ఏండ్లు సాగిన యుద్ధములో హార్లెమ్ 1572–73లో ఏడు నెలల ముట్టడికి లోనైనది. 1578 మే 29న అక్కడి పెద్ద దేవాలయమైన సెయింట్ బావోలో ఆరాధన జరుగుచుండగా సైనికులు చొరబడి దోచుకొన్నారు, ఒక యాజకుడు హతుడైనాడు. అటు తరువాత ఆ ఆలయము సంస్కరణ సంఘమువారి చేతికి వచ్చినది. బలిపీఠములు తీసివేశారు. గోడలకు సున్నము కొట్టారు. గదిమధ్య ప్రసంగపీఠము ముఖ్యస్థానమునకు వచ్చినది.

సంస్కరణ వాక్యమును జనుల భాషలోనికి తెచ్చినందుకు మనము కృతజ్ఞులము. అయితే ఆ తెల్లదనము వెనుక కొందరి దుఃఖము కూడా ఉన్నదని మరువకూడదు. కతోలికులు తమ తాతలు కట్టిన ఆలయములను విడిచి ఇండ్లలో చాటుగా కూడుకొనవలసి వచ్చినది. బాప్తిస్మము విషయములో మనకు దగ్గరివారైన మెన్నొనైటులు సహితము వీధిలోనికి ఆలయమువలె కనబడని మందిరములలోనే కూడుకొనేవారు. సాన్రెడామ్ నేర్చుకొన్న గురువు కుటుంబము కతోలికులే. ఆయన తన చిత్రములలో ఏ పక్షమును హేళన చేయలేదు. ఉన్న గోడను ఉన్నట్లు ప్రేమతో చూచారు.

1628లో వచ్చిన మలుపు

హార్లెమ్‌లో శామ్యూల్ ఆంప్సింగ్ అను ఒక బోధకుడు తన పట్టణ చరిత్రను పెద్ద గ్రంథముగా వ్రాశారు. అది 1628లో అచ్చయినది. దానికి కావలసిన బొమ్మలు గీయుట సాన్రెడామ్‌కు అప్పగించారు. వాటిలో సెయింట్ బావో దేవాలయపు లోపలి దృశ్యము ఒకటి. ఆ బొమ్మ కొరకు ఆయన ఆలయమును జాగ్రత్తగా కొలిచారు. పట్టణ సర్వేయరు, గణిత శాస్త్రము తెలిసిన పీటర్ విల్స్ లెక్కలలో సహాయము చేశారు. ఆ పని ఆయన జీవిత మార్గమును తేల్చివేసినది. అదే సంవత్సరము సెయింట్ బావో లోపలి భాగమును రంగులలో చిత్రించారు. అప్పటికి ఆయన వయస్సు 31. అక్కడనుండి 37 సంవత్సరములు, అనగా మరణము వరకు, ఇదే ఆయన పని.

ఆయనకు ముందు కూడా దేవాలయముల లోపలి చిత్రములు వేసినవారున్నారు. కాని వారిలో ఎక్కువమంది తమ ఊహలోని ఆలయమును చిత్రించేవారు. స్తంభములు ఎన్ని కావలెనన్న అన్ని నిలబెట్టేవారు. సాన్రెడామ్ మాత్రము ఫలాని ఊరి ఫలాని ఆలయమును, పేరుతో, తేదీతో చిత్రించారు. ఇట్లు ఒక్కొక్క ఆలయమును కొలతతో చిత్రించుటలో ఆయనే మొదటివారని చెప్పదగును.

కొలత, గీత, రంగు

ఆయన పని మూడు మెట్లలో సాగేది. ఇది మన యువకులు శ్రద్ధగా చదువవలెను.

మొదటి మెట్టు ఆలయములోనే. నేల మీద ఒక చోట ఎన్నుకొని కూర్చుండి, కంటికి కనబడినది చేతితో గీసేవారు. స్తంభమునకు స్తంభమునకు మధ్య దూరము, ఎత్తు, కమాను వెడల్పు కొలిచి వ్రాసుకొనేవారు. కాగితము మీద తన కన్ను ఏ ఎత్తున ఉన్నదో ఒక చుక్కతో గుర్తించేవారు. ఏ ఊరు, ఏ నెల, ఏ తేదీ అన్నది కూడా వ్రాసేవారు.

రెండవ మెట్టు ఇంటి దగ్గర. ఆ కొలతలను తీసికొని, దగ్గరి వస్తువు పెద్దదిగా, దూరపు వస్తువు చిన్నదిగా కనబడు లెక్క ప్రకారము, వేయబోవు చిత్రమంత సైజులో మరియొక బొమ్మ గీసేవారు. గీతలన్నియు ఆ కంటి చుక్క దగ్గరకు చేరవలెను. స్కేలు, కంపాసు పట్టుకొని చేయవలసిన పని అది.

మూడవ మెట్టు చెక్క పలక మీద. గీసిన కాగితము వెనుకవైపు నల్లగా రాసి, పలక మీద పరచి, గీతల మీద మరల గట్టిగా గీసేవారు. మనము కార్బన్ కాగితము పెట్టి వ్రాసినట్లే ఆ గీతలు పలక మీదికి దిగేవి. పిమ్మట రంగు. ఆ రంగును ఎంత పలుచగా వేసేవారంటే, కొన్ని చోట్ల క్రింది గీతలు, చెక్క చారలు కూడా ఇప్పటికిని కనబడుచున్నవి.

ఈ మూడు మెట్ల మధ్య గడచిన కాలము మమ్మును ఆశ్చర్యపరచినది. డెన్ బోస్ పట్టణములోని సెయింట్ జాన్ దేవాలయమును 1632లో గీసికొని, 1646లో రంగులు వేశారు. యూట్రెక్ట్ పట్టణపు బ్యూర్‌కెర్క్ అను ఆలయమును 1636 ఆగస్టులో గీసి, 1644లో చిత్రముగా చేశారు. ఆమ్‌స్టర్‌డామ్ పాత పురపాలక భవనమును 1641 జూలైలో కొన్ని దినములు వీధిలో కూర్చుండి గీశారు. 1652లో ఆ భవనము అగ్నిప్రమాదములో కాలిపోయినది. 1657లో, లేని భవనమును తన పాత కాగితము చూచి చిత్రించారు. అది లోపలి దృశ్యము కాదు గాని ఆయన అలవాటునకు మంచి నిదర్శనము. పట్టణాధికారులు దానిని 400 గిల్డర్లకు కొని తమ క్రొత్త భవనములో పెట్టుకొన్నారు. ఇప్పుడది ఆమ్‌స్టర్‌డామ్ రైక్స్ మ్యూజియములో ఉన్నది. ఆ చిత్రముపైననే, తాను గీసినది ఏ సంవత్సరమో, రంగు వేసినది ఏ సంవత్సరమో, రెండును దాచకుండ వ్రాశారు.

1636 వేసవిలో యూట్రెక్ట్‌లో దాదాపు 20 వారములు ఉండి, అక్కడి పాత ఆలయములను ఒకదాని తరువాత ఒకటి గీశారు. 1635, 36 సంవత్సరములలో హాలెండు పట్టణములలో తెగులు ప్రబలి వేలమంది మరణించిరి. అట్టి దినములలో చేసిన ఆ బొమ్మలలో కంగారు ఎక్కడను లేదు. తరువాత ఎన్నో సంవత్సరములు ఆయన చేసిన చిత్రములకు ఆ కాగితములే మూలధనము.

వెలుగు, గాలి, ఖాళీ చోటు

ఇంతవరకు చెప్పినది కొలతల సంగతి. కొలత ఒక్కటే అయితే అది మేస్త్రీ ప్లాను అగును గాని చిత్రము కాదు. ఆయన గొప్పతనము వెలుగులో ఉన్నది.

క్రిస్మస్ పండుగకు ముందు మందిరమునకు సున్నము కొట్టించుట మన పెద్దలందరును ఎరిగినదే. సున్నము ఆరిన మరునాడు లోపలికి అడుగు పెట్టినప్పుడు గది పెరిగినట్లు తోచును. గోడ వెలుగును మ్రింగక తిరిగి పంపుట వలన అట్లు తోచుచున్నది. ఒక గోడ మీద పడిన వెలుగు ఎదుటి గోడకు, అక్కడనుండి కప్పునకు, కప్పు నుండి నేలకు చేరును. అందుచేత నీడలు కూడా నల్లగా ఉండవు. సాన్రెడామ్ చిత్రించినది ఈ తిరిగివచ్చు వెలుగును. సూర్యకిరణము తిన్నగా కోసుకొని వచ్చి నేలమీద పడుట ఆయన చిత్రములలో అరుదు. గది అంతయు మెత్తని పగటి వెలుగుతో నిండియుండును.

తెలుపు అని మనము అనుకొనునది ఆయన చిత్రములలో నిజముగా తెలుపు కాదు. దగ్గరకు పోయి చూచినవారు అందులో మీగడ రంగు, గోధుమ రంగు, లేత బూడిద రంగు, కొంచెము గులాబి ఛాయ ఉన్నవని చెప్పుదురు. దగ్గరి స్తంభమునకు కొంచెము వెచ్చని, ముదురు ఛాయ. దాని వెనుకదానికి అంతకంటె లేత ఛాయ. దూరపు గోడకు ఇంకను లేత ఛాయ. ఈ మార్పు ఎంత కొద్దిగా ఉండునంటే, ఎక్కడ మారినదో వ్రేలుపెట్టి చూపలేము. కాని రెండు స్తంభముల మధ్య గాలి ఉన్నదని, అందులో మనము నడువగలమని కంటికి తోచును. ఖాళీ చోటును చిత్రించుట అనగా ఇదే.

ఇంకొక ఉపాయము కూడా ఉన్నది. ఆయన తన కంటి చుక్కను చాలా క్రిందుగా పెట్టుకొనేవారు. దానివలన నేల తక్కువగా, పైభాగము ఎక్కువగా కనబడును. కమానులు మన తలమీదుగా లేచిపోవుచున్నట్లుండును. క్రింద ఒకరిద్దరు మనుషులను చాలా చిన్నగా నిలబెట్టేవారు. వారిని చూచిన తరువాత ఆ స్తంభము ఎంత ఎత్తో తెలియును. కొన్ని చోట్ల కొలతలను తెలిసియే మార్చినట్లు పండితులు కనుగొన్నారు. స్తంభమును కొంచెము సన్నము చేయుట, కమానును కొంచెము పైకి లాగుట వంటివి. 1630లో సెయింట్ బావో చిత్రమొకదానిలో అక్కడ ఎన్నడును లేని ఒక బిషప్పు సమాధిని కూడా పెట్టారు. కావున ఆయన ఫోటో యంత్రము వంటివాడు కాడు. కొలత అంతయు తెలిసినవాడు గనుకనే ఎక్కడ సడలించవలెనో ఆయనకు తెలియును.

మరియొక సంగతి. ఆ కాలపు దేవాలయములు నిజముగా అంత ఖాళీగా ఉండేవి కావు. వారమంతయు తలుపులు తెరిచియుండి, జనులు వ్యాపారపు మాటలు మాట్లాడుకొనుచు తిరిగేవారు. పిల్లలు ఆడుకొనేవారు, కుక్కలు వచ్చేవి. నేలరాళ్ళు ఎత్తి సమాధులు త్రవ్వుచుండేవారు. ఆయన ఇవన్నియు చూచియే చాలవరకు విడిచిపెట్టారు. అక్కడక్కడ మాత్రము ఉంచారు. లండను నేషనల్ గ్యాలరీలోనున్న 1644 నాటి బ్యూర్‌కెర్క్ చిత్రములో ఒక బాలుడు గోడమీద బొమ్మ గీయుచున్నాడు, మరియొకడు కుక్కకు కూర్చుండుట నేర్పుచున్నాడు. ఆ గోడమీది పిల్లల గీతల క్రిందనే సాన్రెడామ్ తన పేరు, ఆలయము పేరు, సంవత్సరము వ్రాసికొన్నారు. గొప్ప ఆలయములో తన సంతకమునకు ఆయన ఎన్నుకొన్న చోటు, అల్లరి పిల్లవాని గీతల ప్రక్క.

ఆర్గన్ చిత్రము

సంగీతము సంగతి మన సంఘములలో ఎప్పుడును చర్చకు వచ్చునదే. ఆ దినములలోను వచ్చినది. 1574లో డోర్డ్రెక్ట్‌లో కూడిన సంస్కరణ సంఘముల సభ, ఆలయములలో ఆర్గన్ వాయించుట మానవలెనని కోరినది. కాని ఆర్గన్లు పట్టణ పురపాలకుల ఆస్తి. వారు ఆరాధనకు ముందు వెనుకల వాయింపించుచునే వచ్చారు. వాదము దశాబ్దముల కొలది సాగినది. 1641లో కాన్‌స్టాంటైన్ హ్యూగెన్స్ అను రాజకార్యదర్శి ఆర్గన్ వాడుకను సమర్థించుచు ఒక చిన్న పుస్తకము అచ్చువేశారు.

సాన్రెడామ్ 1636లో వేసిన సెయింట్ బావో చిత్రములో ఒక పెద్ద ఆర్గన్ ముఖ్యస్థానములో ఉన్నది. దానిమీద కొలస్సయులకు వ్రాసిన పత్రిక 3వ అధ్యాయము 16వ వచనములోని మాటలు కనబడును. ఆ వచనము దేనిని గూర్చినదో పాఠకులు తమ బైబిలు తెరచి చూచుకొనవచ్చును. వాదములో ఆయన ఏ పుస్తకము వ్రాయలేదు. ఈ ఒక్క చిత్రములోనే తన మాట చెప్పినట్లు అనేకులు తలంచుదురు.

అన్నిటికంటె పెద్ద చిత్రము

1638లో ఆయన వివాహము చేసికొన్నారు. వారికి ఒక్క కుమార్తె. చిత్రకారుల సంఘములో బాధ్యతలు వహించి, 1642లో దాని పెద్దగా ఉన్నారు.

1648లో ఆయన తన చిత్రములన్నిటిలోను పెద్దదానిని ముగించారు. అదియు సెయింట్ బావో లోపలి భాగమే. ఎత్తు దాదాపు 5 అడుగుల 9 అంగుళములు, వెడల్పు 4 అడుగుల 8 అంగుళములు. ఎదుట నిలుచున్న మనిషి అంత ఎత్తు గల చిత్రము. ఆయన చిత్రములు ఎక్కువగా రెండు మూడు అడుగులకు మించవు. చిన్న చిత్రమును మనము కిటికీలో నుండి చూచినట్లు చూచెదము. ఈ పెద్ద చిత్రము ఎదుట అట్లు కాదు. స్తంభములు మన ఎత్తును మించి లేచుచుండగా, మనమే గుమ్మము దాటి లోపలికి వచ్చినట్లుండును. దాని అడుగుభాగమున ఉన్న మనుషులు మన చేతి వ్రేళ్ళంత ఉందురు.

ఈ చిత్రమును గూర్చి ఆయన ఆ సంవత్సరమే హ్యూగెన్స్‌కు ఉత్తరము వ్రాశారు. యువరాజు రెండవ విలియమ్ దానిని చూడవలెనని ఆయన ఆశ. 1660లో రెండవ ఛార్లెస్ ఇంగ్లాండు సింహాసనము మరల ఎక్కినప్పుడు, హాలెండువారు ఆయనకు ఒక గొప్ప కానుక పంపించారు. అందులో ఎక్కువ భాగము ఇటలీ దేశపు చిత్రములు. తమ దేశపు చిత్రకారులవి కొద్దియే. ఆ కొద్దిలో సాన్రెడామ్ చిత్రము ఒకటి. ఇప్పుడది స్కాట్లండు దేశములో ఎడిన్‌బరోలోని జాతీయ గ్యాలరీలో ఉన్నది.

తండ్రి సమాధి రాయి

ఇప్పుడు మరల అస్సెండెల్ఫ్ట్ గ్రామమునకు వెళ్ళుదము. 1634లో ఆయన తన పుట్టిన ఊరికి పోయి, చిన్ననాటి దేవాలయము లోపలి భాగమును గీసికొన్నారు. 1643లో దానిని లెక్క ప్రకారము మరల గీశారు. 1649 అక్టోబరులో చిత్రము ముగించారు. మొదటి గీతకు చివరి రంగుకు మధ్య 15 సంవత్సరములు.

ఆ చిత్రములో దూరముగా కొద్దిమంది కూర్చుండి ప్రసంగము వినుచున్నారు. దగ్గరలో, చూచువారి పాదముల ముందు, నేలలో ఒక సమాధి రాయి ఉన్నది. దానిమీద యాన్ సాన్రెడామ్ పేరు చెక్కియున్నది. తండ్రి పోయి అప్పటికి 42 ఏండ్లు. తండ్రి మరణించిన నాటి వయస్సు కంటె కుమారుని వయస్సే ఎక్కువ అయినది. చిత్రములో ఏడ్చువారెవరును లేరు. సమాధి మీద పూలు లేవు. కిటికీ వెలుగు గోడకు తగిలినట్లే ఆ రాతికి కూడా తగులుచున్నది, అంతే. తొమ్మిదేండ్ల పిల్లవాడుగా చూచిన ఆ రాతిని, 52 ఏండ్ల మనిషిగా కొలిచి, అక్షరము తప్పకుండ చిత్రించారు. ఆయన చిత్రములన్నిటిలోను మేము ఎక్కువసేపు చూచినది ఇదే.

ఆ దేవాలయము ఇప్పుడు లేదు. 19వ శతాబ్దములో దానిని పడగొట్టారు. ఆయన ఎన్నో మార్లు గీసిన యూట్రెక్ట్ పట్టణపు మేరీ దేవాలయము కూడా ఆ శతాబ్దములోనే పోయినది. దాని ప్రాకారపు నడవ మాత్రము మిగిలినది. ఆ ఆలయములు లోపల ఎట్లుండెనో, ఏ స్తంభమునకు ఏ రంగుండెనో తెలిసికొనవలెనంటే సాన్రెడామ్ కాగితములే ముఖ్యమైన ఆధారము.

చివరి దినములు, తరువాతి సంగతులు

1665 మేనెల 31న ఆయనను హార్లెమ్‌లో సమాధి చేశారు. ఎక్కడనో చెప్పనక్కరలేదు. తాను అన్నిమార్లు చిత్రించిన సెయింట్ బావో నేలలోనే. 1667లో ఆయన పుస్తకములు వేలము వేశారు. ఆ జాబితా దొరికినది. గణితము, భవన నిర్మాణము, చరిత్ర మొదలైన విషయముల గ్రంథములు అందులో ఎన్నో ఉన్నవి. గీత వెనుక ఎంత చదువున్నదో దానివలన తెలియుచున్నది.

ఆయన వేసిన చిత్రములు ఇప్పుడు సుమారు 50కి పైగా మిగిలియున్నవి. కాగితము మీది బొమ్మలు అంతకు రెట్టింపు కంటె ఎక్కువ. మరణానంతరము చాలాకాలము ఆయన పేరు మరుగునపడినది. 20వ శతాబ్దములో పండితులు, చూపరులు మరల ఆయన వైపు తిరిగారు. 1961లోను, మరల 2000లోను యూట్రెక్ట్‌లో ఆయన పనులను ఒక్కచోట చేర్చి ప్రదర్శించారు. ఖాళీ గదిలో వెలుగును చిత్రింపగోరు చిత్రకారులు నేటికిని ఆయన దగ్గర నేర్చుకొనుచున్నారు.

మనము నేర్చుకొనదగినది

ఈ జీవితము చదివిన తరువాత మాకు రెండు తలంపులు కలిగినవి.

మొదటిది మందిరమును గూర్చినది. ఆదివారము జనముతో నిండియున్నప్పుడే మందిరము అందముగా ఉండునని మనము అనుకొందుము. ఆరాధన ముగిసి, చాపలు చుట్టి, అందరును వెళ్ళిన తరువాత ఒకసారి నిలిచి చూడుడి. మధ్యాహ్నపు వెలుగు ఏ కిటికీ నుండి వచ్చునో, ఏ గోడకు తగులునో చూడుడి. మన పాత మందిరములు పెద్దవి కావు. పెంకుల కప్పు, నాలుగు కిటికీలు, సున్నపు గోడ. అయినను అక్కడ కూడా ఆ వెలుగే పడుచున్నది.

రెండవది మన జ్ఞాపకమును గూర్చినది. మన తాతలు గనులకు, మిల్లులకు, రైలు పనులకు, నేతపనులకు ఊరు విడిచి వచ్చి, కూలిలో నుండి అణా అణా కూర్చి ఈ మందిరములు కట్టుకొన్నారు. ఇప్పుడు సంఘములు పెరిగినవి, చోటు చాలుటలేదు. పాతవాటిని పడగొట్టి పెద్దవి కట్టుకొనుచున్నాము. అది తప్పని మేము అనుటలేదు. అయితే పడగొట్టక ముందు ఎవరైన కొలిచి వ్రాసిపెట్టుచున్నారా? శంకుస్థాపన రాతి మీది పేర్లు ఎవరైన ఎత్తి వ్రాసికొన్నారా? పెద్దల సమాధి రాళ్ళు ఎక్కడ ఉంచుచున్నాము? భాష కాని రాష్ట్రములో మన పిల్లలకు, మనము ఇక్కడికి ఎప్పుడు వచ్చితిమో, ఎట్లు నిలిచితిమో చూపుటకు ఈ గోడలు తప్ప వేరే దస్తావేజులు మనకు ఎక్కువ లేవు.

దీనికి గొప్ప చిత్రకారుడు అక్కరలేదు. ప్రతి సంఘములో ఒక యువకుడు గాని యువతి గాని ఒక టేపు, ఒక నోటుపుస్తకము తీసికొని, మందిరము పొడవు వెడల్పులు, కిటికీల ఎత్తు, ప్రసంగపీఠము చోటు, రాళ్ళ మీది అక్షరములు వ్రాసికొనిన చాలును. నాలుగు ఫోటోలు తీయవచ్చును. క్రింద ఊరి పేరు, తేదీ తప్పక వ్రాయవలెను. ఆ కాగితము సంఘపు మినిట్సు పుస్తకముతోపాటు పెట్టెలో భద్రపరచవలెను. దానిని చూడవలసిన అవసరము పది హేనేండ్లకు రావచ్చును, ఏబది ఏండ్లకు రావచ్చును. ఈ పని ఈ సంవత్సరములోనే మొదలుపెట్టవలెనని కాపరులను, యౌవన సమాజపు నాయకులను ప్రేమతో కోరుచున్నాము.